గూడు కట్టే విద్య

పాఠ్యభాగ ఉద్దేశం

ఇంటర్మీడియట్ పూర్తిచేసిన విద్యార్థి ముందు అనేక మార్గాలు ఉంటాయి. ప్రకృతికి హాని తగ్గించే విధంగా ఇళ్ళను, భవనాలను నిర్మించే వృత్తి వాటిలో ఒకటి. దీనిని హరిత నిర్మాణం అని వ్యవహరిస్తున్నారు. ఈ వృత్తికి కావలసిన చదువు ఏది, అలవరచుకోవలసిన దృష్టి ఏది, ఒక విద్యార్థి ఆ దృష్టిని ఏ విధంగా సంపాదించుకున్నాడు అనే విషయాలను తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

కూడు, గుడ్డ, గూడు – ఈ మూడింటినీ మానవుని ప్రాథమికావసరాలుగా పెద్దలు పేర్కొన్నారు. మొదటి రెండింటికీ, మూడవదానికీ ఒక భేదం ఉంది. తిన్న కూడు పూటతో సరి. కట్టిన గుడ్డ రెండేళ్ళకో మూడేళ్ళకో చిరిగిపోతుంది. ఇల్లు మాత్రం దానిని కట్టించినవాని తరం దాటి నిలుస్తుంది. అందులోని గుణమూ, దోషమూ కూడా అంతకాలమూ నిలుస్తాయి. పడమటి గోడకు నీడ లేకుండా కట్టిన గది యాభై వేసవులపాటు అందులో నిద్రించేవారిని బాధిస్తుంది. అందువల్ల ఇల్లు కట్టే విద్య ఎంతో బాధ్యతతో కూడినది.

ప్రాచీనులు ఈ బాధ్యతను గుర్తించారు. వరాహమిహిరుని బృహత్సంహితలోనూ, మయమతం వంటి వాస్తుగ్రంథాలలోనూ భూపరీక్ష చెప్పబడింది. నిర్మాణం తలపెట్టిన చోట మూరెడు లోతు గొయ్యి తవ్వి, తీసిన మట్టితో దానిని తిరిగి పూడ్చాలి. మట్టి మిగిలితే ఆ నేల శ్రేష్ఠం. సరిపోతే మధ్యమం. చాలకపోతే అధమం. ఈ పరీక్ష వెనుక ఉన్న భావం సులభగ్రాహ్యం. గట్టిగా, దట్టంగా ఉన్న నేల నుండి తీసిన మట్టి గుల్లబారి ఎక్కువ చోటును ఆక్రమిస్తుంది. వదులుగా ఉన్న నేల మట్టి పూడ్చేటప్పుడు అణగిపోతుంది. ఇల్లు కట్టేవాడు ముందుగా నేలను అడిగి తెలుసుకోవాలన్న సూత్రం ఇందులో ఇమిడి ఉంది. నేటి హరిత నిర్మాణానికి కూడా ఇదే తొలిపాఠం.

ఇరవయ్యవ శతాబ్దంలో ఈ పాఠం మరుగున పడింది. సిమెంటు, ఉక్కు, గాజు అందుబాటులోకి రావడంతో ఏ ఊరిలోనైనా ఒకే విధమైన ఇల్లు కట్టడం సాధ్యమైంది. శ్రీకాకుళం తీరంలోనూ, అనంతపురం మెట్టలోనూ, ఆదిలాబాదు అడవి అంచునా ఒకే రకపు పెట్టెలాంటి ఇల్లు వెలసింది. నేలను గాని, గాలిని గాని, ఎండను గాని అడగవలసిన అవసరం లేదన్న భావన బలపడింది. దాని ఫలితాన్ని తరువాతి తరాలు అనుభవిస్తున్నాయి.

ఆ ఫలితం ఎట్టిదో తెలుసుకోవడానికి రసాయనశాస్త్రంలోని ఒక చిన్న లెక్క చాలు. సున్నపురాయి కాల్షియం కార్బొనేటు. 100 కిలోల శుద్ధమైన సున్నపురాయిని కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది. తక్కిన 44 కిలోలు కార్బన్ డయాక్సైడుగా మారి గాలిలో కలుస్తాయి. సిమెంటు తయారీకి ప్రధాన ముడిపదార్థం సున్నపురాయే. సుమారు 1,450 డిగ్రీల సెల్సియస్ వేడిమి వద్ద కొలిమిలో దానిని ఇతర ఖనిజాలతో కలిపి కాలుస్తారు. ఆ వేడిమి కోసం మండించే బొగ్గు నుండి వెలువడే వాయువు అదనం. ప్రపంచంలో మానవులు విడుదల చేసే కార్బన్ డయాక్సైడులో 7 నుండి 8 శాతం సిమెంటు పరిశ్రమదే. భవనాల నిర్మాణాన్నీ, వాటిలో దీపాలకు, పంకాలకు, శీతల యంత్రాలకు వాడే శక్తినీ కలిపి లెక్కిస్తే, శక్తి వినియోగానికి సంబంధించిన ఉద్గారాలలో సుమారు మూడోవంతు భవనాలకు చెందుతుంది. తెలుగు నేలకు ఈ విషయం దూరమైనది కాదు. కడప, కర్నూలు, పల్నాడు, సూర్యాపేట ప్రాంతాలలో విస్తారమైన సున్నపురాయి నిక్షేపాలు ఉన్నాయి. వాటిని ఆశ్రయించుకొని సిమెంటు కర్మాగారాలు ఏర్పడ్డాయి.

రెండవ ఫలితం ఇంటి లోపలే కనిపిస్తుంది. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలను తీవ్రమైన వడగాలులు పీడించాయి. రెండు రాష్ట్రాలలో కలిపి రెండువేల మందికి పైగా మరణించినట్లు నాటి ప్రభుత్వ లెక్కలు తెలిపాయి. వారిలో ఎండలో కాయకష్టం చేసేవారు, వృద్ధులు అధికులు. పగలంతా ఎండకు కాగిన పలుచని కాంక్రీటు కప్పు, రేకుల కప్పు రాత్రివేళ ఆ వేడిని గదిలోకి వదులుతాయి. శీతల యంత్రం కొనగలిగినవారు తలుపులు మూసుకొని ఆ వేడిని వీధిలోకి తోస్తారు. కొనలేనివారు ఆ వేడిలోనే పొర్లాడతారు. కనుక ఇంటి కప్పును ఏ విధంగా కట్టాలన్నది ఇంజనీరింగు సమస్య మాత్రమే కాదు. అది ప్రాణాలకు సంబంధించిన సమస్య. హరిత నిర్మాణాన్ని వృత్తిగా స్వీకరించదలచిన విద్యార్థి మొదట గ్రహించవలసినది ఇదే.

ఈ మార్గంలో నడచిన ఒక విద్యార్థి జీవితాన్ని పరిశీలించడం ప్రయోజనకరం. ఆయన పేరు లారీ బేకర్. 1917 మార్చి 2న ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరంలో జన్మించాడు. ఆ నగరంలోనే వాస్తుశిల్ప విద్యను అభ్యసించి 1937లో పట్టభద్రుడయ్యాడు. రెండవ ప్రపంచయుద్ధం వచ్చింది. శాంతిని విశ్వసించే క్వేకరు సంప్రదాయానికి చెందిన బేకర్ ఆయుధం పట్టక, క్షతగాత్రులకు సేవచేసే దళంలో చేరి చైనాకు వెళ్ళాడు. తిరుగు ప్రయాణంలో ఓడ కోసం బొంబాయిలో కొంతకాలం వేచి ఉండవలసి వచ్చింది. అప్పుడు గాంధీమహాత్ముని దర్శించే అవకాశం కలిగింది. పాతగుడ్డ పేలికలతో కుట్టిన బేకర్ చెప్పులు మహాత్ముని దృష్టిని ఆకర్షించాయని ఆయన జీవితకథలో ప్రసిద్ధం. ఇంటికి కావలసిన సామగ్రి ఆ ఇంటికి ఐదుమైళ్ళ దూరంలోనే లభించాలన్న గాంధీజీ ఆలోచన బేకర్ మనసులో నాటుకుంది. 1945లో ఆయన భారతదేశానికి తిరిగి వచ్చాడు. కుష్ఠురోగుల చికిత్సాలయాలను నిర్మించే బాధ్యతను స్వీకరించాడు.

ఇక్కడికి వచ్చిన తరువాత ఆయనకు ఒక సత్యం బోధపడింది. బర్మింగ్‌హాములో నేర్చిన చదువు ఈ దేశపు నేలకు చాలదు. బురదమట్టి, ఎర్రరాయి, ఆవుపేడ – ఇవి నిర్మాణ సామగ్రి అన్న సంగతే ఆయన పాఠ్యగ్రంథాలలో లేదు. 1948లో కేరళకు చెందిన వైద్యురాలు ఎలిజబెత్ జేకబ్‌ను వివాహమాడి, ఆ దంపతులు హిమాలయ ప్రాంతంలోని పితోరాగఢ్ చేరారు. సుమారు పదిహేనేళ్ళు అక్కడే నివసించారు. ఆమె వైద్యం చేసింది. ఆయన ఆసుపత్రి, పాఠశాల కట్టాడు. ఆ కొండప్రాంతపు మేస్త్రీలు, వడ్రంగులు ఆయనకు గురువులయ్యారు. స్థానికమైన రాతిని, కొయ్యను, మట్టిని వాడి వారు కట్టుకొన్న ఇళ్ళు చలికి, వానకు, వాలునేలకు తగినట్లు ఉండడం ఆయన గమనించాడు. అది ఏ ఒక్క పండితుని కల్పనా కాదు. తరతరాలుగా తప్పులు దిద్దుకొంటూ ప్రజలు సాధించిన జ్ఞానం. పట్టా పుచ్చుకొన్న పదేళ్ళకు పైగా గడచిన తరువాత ఆయన రెండవ విద్యార్థిదశ ఈ విధంగా ప్రారంభమైంది.

1963లో బేకర్ దంపతులు కేరళకు తరలివెళ్ళారు. కొన్నేళ్ళకు తిరువనంతపురంలో స్థిరపడ్డారు. అక్కడ బేకర్ కట్టిన ఇళ్ళు, విద్యాలయాలు, ప్రార్థనాలయాలు దేశమంతటా పేరుపొందాయి. ఉళ్ళూరులోని అభివృద్ధి అధ్యయన కేంద్రం వాటిలో ప్రధానమైనది. ఆ ఆవరణలోని చెట్లను కాపాడుతూ గోడలను వంపులు తిప్పి నిర్మించాడు. కిటికీలకు బదులు చాలాచోట్ల ఇటుకల మధ్య సందులు విడిచి జాలీ గోడలు కట్టాడు. వాటిగుండా గాలి వస్తుంది. వెలుతురు చిన్నచిన్న తునకలై లోపలికి దిగుతుంది. ఎండ తీక్షణత తగ్గుతుంది. కిటికీకి కావలసిన కొయ్య, గాజు ఖర్చు మిగులుతుంది.

బేకర్ పద్ధతులలో రెండింటిని విద్యార్థులు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. మొదటిది ‘ర్యాట్ ట్రాప్ బాండ్’ అనే గోడకట్టు. సాధారణంగా ఇటుకను బల్లపరుపుగా పేరుస్తారు. ఈ పద్ధతిలో ఇటుకను అంచుపై నిలబెట్టి, తొమ్మిది అంగుళాల గోడ మధ్యలో ఖాళీ గదులు వచ్చేటట్లు కడతారు. ఎలుకబోనువంటి ఆ ఖాళీలో గాలి నిలుస్తుంది. నిలిచిన గాలి వేడిని త్వరగా లోపలికి పోనివ్వదు. ఇటుకలో సుమారు నాలుగోవంతు ఆదా అవుతుంది. రెండవది ‘ఫిల్లర్ స్లాబు’. స్లాబుపై బరువు పడినప్పుడు దాని పైభాగం నొక్కుకుపోతుంది, అడుగుభాగం సాగదీయబడుతుంది. కాంక్రీటు నొక్కుడును తట్టుకొంటుంది గాని సాగుడును తట్టుకోలేదు. అడుగున ఆ పనిని ఉక్కు కడ్డీలు చేస్తాయి. కనుక అడుగుభాగంలో కడ్డీల నడుమ ఉన్న కాంక్రీటు బరువేగాని బలం కాదు. ఆ చోట పాత మంగుళూరు పెంకులను అమర్చితే కాంక్రీటు తగ్గుతుంది, కప్పు తేలికపడుతుంది, పెంకుల కింద చిక్కిన గాలి వేడిని కొంత ఆపుతుంది. ఇందులో మంత్రమేమీ లేదు. భౌతికశాస్త్ర పాఠాన్ని ఇంటి కప్పుకు అన్వయించడమే ఉంది.

బేకర్ తన పనిని రహస్యంగా ఉంచుకోలేదు. చేతిరాతతో, చిన్నచిన్న బొమ్మలతో సామాన్యులకు అర్థమయ్యే పుస్తకాలు ప్రచురించాడు. 1985లో త్రిచూరులో ఏర్పడిన ‘కాస్ట్‌ఫర్డ్’ సంస్థ స్థాపనలో పాల్గొని యువ ఇంజనీర్లకు శిక్షణ ఇచ్చాడు. పనిచోట మేస్త్రీ పక్కన నిలబడి, వాడిపారేసిన కాగితాల వెనుక బొమ్మ గీసి చూపేవాడు. భారత పౌరసత్వం, 1990లో పద్మశ్రీ పురస్కారం ఆయనకు లభించాయి. 2007 ఏప్రిల్ 1న తిరువనంతపురంలో కన్నుమూశాడు.

ఇంతటివాడు కట్టినట్లే మనమూ కడితే చాలునని విద్యార్థి భావించవచ్చు. అది సరికాదు. బేకర్ ఐదుమైళ్ళ సూత్రాన్ని అనుసరించాడు. ఆ సూత్రాన్ని అనుసరిస్తే ప్రతి ఊరికీ వేరు సమాధానం వస్తుంది. ఇటుకబట్టీకి సారవంతమైన పైమట్టి కావాలి. వంటచెరకో బొగ్గో కావాలి. కృష్ణా, గోదావరి డెల్టాలలో పొలం పైమట్టిని గీసి ఇటుకలు కాల్చడం పంటభూమికి చేటు. అదే సమయంలో విజయవాడ, రామగుండం వంటి థర్మల్ విద్యుత్ కేంద్రాల వద్ద బూడిద కొండలుగా పేరుకుపోతున్నది. ఈ రెండు సంగతులను పక్కపక్కన ఉంచి చూసినవారికి బూడిద ఇటుక ఆలోచన తట్టింది. బూడిదకు సున్నం, జిప్సం చేర్చి, కాల్చే పని లేకుండా నీటితో తడిపి గట్టిపరచే ‘ఫాల్‌జీ’ పద్ధతిని విశాఖపట్నానికి చెందిన పరిశోధకులు భానుమతీదాస్, కాళిదాస్ రూపొందించారు. థర్మల్ కేంద్రాలకు నిర్ణీత దూరంలో జరిగే నిర్మాణాలలో బూడిద ఇటుకలను వాడాలని 1999లో కేంద్ర ప్రభుత్వం ప్రకటన జారీచేసింది. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో 1974లో ప్రారంభమైన ‘ఆస్త్ర’ విభాగం, మట్టిలో కొద్దిపాటి సిమెంటు కలిపి యంత్రంతో అదిమి చేసే దిమ్మెలను వాడుకలోకి తెచ్చింది. వాటినీ కాల్చనవసరం లేదు. ఈ విధంగా ఒకే సూత్రం ఒకచోట ఎర్రరాయిగా, మరొకచోట బూడిద ఇటుకగా, వేరొకచోట మట్టిదిమ్మెగా రూపుదాలుస్తుంది.

తెలుగునాట సంప్రదాయ గృహాలు కూడా ఈ సత్యాన్నే చాటుతున్నాయి. గోదావరి ప్రాంతపు మండువా లోగిలిలో నడుమ ఆకాశానికి తెరచిన చోటు ఉంటుంది. వేడెక్కిన గాలి దానిగుండా పైకి పోతుంది. చుట్టూ వాలిన చూరులనుండి వాననీరు లోపలికి జాలువారుతుంది. ఉత్తరాంధ్ర తీరంలోని చుట్టిల్లు గుండ్రంగా, కప్పు నేలవైపు వంగి ఉంటుంది. తుఫాను గాలి దాని చుట్టూ జారిపోతుంది. రాయలసీమలో మందపాటి గోడలపై మట్టి పరచిన మిద్దెలు పగటి వేడిని ఆలస్యంగా లోపలికి పంపుతాయి. కాకతీయుల కాలంలో 1213లో నిర్మాణం జరిగిన రామప్ప దేవాలయ శిఖరానికి నీటిలో తేలేటంత తేలికైన ఇటుకలు వాడారు. శిఖరం బరువు తగ్గితే పునాదిపై భారం తగ్గుతుందన్న యోచన అందులో వ్యక్తమవుతున్నది. ఆ ఆలయం 2021లో ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తింపు పొందింది.

అయితే పాతదంతా మంచిదన్న భ్రమ కూడా ప్రమాదకరం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనలో తాటాకు ఇళ్ళు ఆనవాలు లేకుండా కొట్టుకుపోయాయి. వేలాదిమంది ప్రాణాలు కోల్పోయారు. 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలోని లాతూరు ప్రాంతంలో వచ్చిన భూకంపంలో మట్టితో పేర్చిన రాతిగోడలు, వాటిపై ఉన్న బరువైన మట్టికప్పులు నిద్రిస్తున్నవారిపై కూలాయి. అక్కడా మృతులు వేలల్లోనే ఉన్నారు. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో వానకాలాన్ని వర్ణిస్తూ తడిసిన కట్టెలతో, పొగతో ఇల్లాండ్రు పడే అవస్థను విస్మరించలేదు. పూరింటిలో కాపురం దూరం నుండి చూసేవారికి అందంగా కనిపిస్తుంది. ప్రతి ఏటా కప్పు నేయించలేక, వానకు తడుస్తూ, నిప్పుకు భయపడుతూ బ్రతికినవారు పక్కా ఇల్లు కోరుకోవడంలో అవివేకం లేదు. వారికి స్లాబు గౌరవానికి గుర్తు. ఆ కోరికను కించపరచి, మట్టిగోడ గొప్పతనాన్ని బోధించేవాని మాట ఎవరూ వినరు. వినవలసిన పని కూడా లేదు. ఉప్పెనకు నిలిచేది, భూకంపానికి కూలనిది, వేసవిలో కాగనిది, పేదవాని చేతికి అందేది అయిన ఇంటిని చూపగలిగినప్పుడే హరిత నిర్మాణం అన్న మాటకు అర్థం ఉంటుంది. ఈ నాలుగు లక్షణాలను ఏకంచేయడం సులభం కాదు. ఆ కష్టమే ఈ వృత్తికి విలువను ఇస్తున్నది.

ఇక ఆధునిక నిర్మాణం విషయం. 2001లో భారత పరిశ్రమల సమాఖ్య ఆధ్వర్యంలో భారతీయ హరిత భవన మండలి ఏర్పడింది. దాని ప్రధాన కార్యాలయం హైదరాబాదులో ఉంది. ఆ నగరంలోని సి.ఐ.ఐ.–సోహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ భవనానికి ‘లీడ్’ అనే అంతర్జాతీయ ప్రమాణపద్ధతిలో అత్యున్నతమైన ప్లాటినం స్థాయి లభించింది. అమెరికా వెలుపల ఆ స్థాయిని పొందిన తొలి భవనం అదే. 2004 జూలై 14న రాష్ట్రపతి ఎ.పి.జె. అబ్దుల్ కలాం దానిని ప్రారంభించారు. నడుమ గుండ్రని ప్రాంగణం, పచ్చికతో కప్పిన పైకప్పు, లోపలికి వచ్చే గాలిని ముందే చల్లబరచే గాలిగోపురాలు, మొక్కల వేళ్ళ సాయంతో వాడిన నీటిని శుద్ధిచేసే ఏర్పాటు ఆ భవనంలోని విశేషాలు. పరిశీలించి చూస్తే ప్రాంగణంలో మండువా, గాలిగోపురంలో ప్రాచ్యదేశాల పాతకోటల ఛాయలు కనిపిస్తాయి.

2007లో ‘గృహ’ అనే దేశీయ ప్రమాణపద్ధతి వచ్చింది. అదే సంవత్సరం కేంద్ర ప్రభుత్వ ఇంధన సామర్థ్య సంస్థ పెద్ద వాణిజ్య భవనాలకు శక్తి పొదుపు నియమావళిని ప్రకటించింది. 2018లో నివాస గృహాలకు ‘ఎకో నివాస్ సంహిత’ వెలువడింది. వేసవి వేడిని తగ్గించే కప్పులను ప్రోత్సహించడానికి 2023లో తెలంగాణ ప్రభుత్వం ఒక విధానాన్ని ప్రకటించింది. ఎండను తిప్పికొట్టే తెల్లని పూత వేయడం ఆ పద్ధతులలో సులభమైనది. హైదరాబాదు ప్రాంతపు వాణిజ్య భవనాలపై కొలతలు జరిపి 2012లో ప్రచురించిన పరిశోధనలో, కాంక్రీటు కప్పుకు తెల్లపూత వేసినప్పుడు శీతలీకరణకు అయ్యే విద్యుత్తు 10 నుండి 19 శాతం తగ్గినట్లు తేలింది.

నియమాలూ, ప్రమాణపత్రాలూ అవసరమే. అవి లేకపోతే ఎవరి భవనాన్ని వారే హరితమని చాటుకొంటారు. కాని ప్రమాణపత్రం నిర్మాణానికి ముగింపు కారాదు. నాలుగువైపులా గాజు బిగించి, ఎండను లోపలికి ఆహ్వానించి, ఆ తరువాత దానిని వెడలగొట్టడానికి మేలైన శీతల యంత్రం పెట్టిన భవనం కాగితంపై ఎన్ని మార్కులైనా తెచ్చుకోవచ్చు. దాని అసలు పరీక్ష మూడేళ్ళ కరెంటు బిల్లులోనూ, అందులో పనిచేసేవారి మాటలోనూ ఉంటుంది. ఆ బిల్లును అడిగి చదివే అలవాటు విద్యార్థికి తొలినాటి నుండే ఉండాలి.

ఈ వృత్తిలో ప్రవేశించే మార్గాలు పలువిధాలు. ఇంటర్మీడియట్‌లో గణితం, భౌతికశాస్త్రం చదివినవారు ‘నాటా’ ప్రవేశపరీక్షగాని, జె.ఇ.ఇ. మెయిన్‌లోని వాస్తుశిల్ప విభాగపు పరీక్షగాని రాసి, అయిదేళ్ళ బి.ఆర్క్. కోర్సులో చేరవచ్చు. హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ వాస్తుశిల్ప, లలితకళల విశ్వవిద్యాలయం, 2008లో నెలకొల్పిన విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఈ చదువుకు ప్రసిద్ధమైనవి. పట్టా పొందిన తరువాత 1972 నాటి చట్టం ప్రకారం వాస్తుశిల్ప మండలిలో నమోదైనవారే ఆర్కిటెక్టు అని చెప్పుకోవడానికి అర్హులు. కట్టడపు బలంపై ఆసక్తి గలవారికి సివిల్ ఇంజనీరింగు ఉంది. శీతలీకరణ, గాలి ప్రసారం లెక్కలకు మెకానికల్ ఇంజనీర్లు కావాలి. నగరపు నీరు, రోడ్లు, చెరువుల విషయం చూడడానికి ప్రణాళికాశాస్త్రం ఉంది. పాలిటెక్నిక్ డిప్లొమా, ఐ.టి.ఐ. శిక్షణ పొందినవారికి కూడా ఇందులో స్థానం ఉంది. ఇటుకను అంచుపై నిలబెట్టి సూటిగా గోడ లేపగల తాపీమేస్త్రీ లేనిదే బేకర్ ఊహ కాగితం దాటి ఉండేది కాదు.

చదువు ఏదైనా దానితోపాటు మూడు అలవాట్లు కావాలి. మొదటిది చూడడం. తన ఇంటిలో ఏ గోడ ఏ గంటకు కాగుతుందో, ఏ కిటికీ నుండి గాలి వచ్చి ఏ దారిన పోతుందో విద్యార్థి గమనించాలి. రెండవది కొలవడం. చిన్న ఉష్ణమాపకంతో మేడమీద రేకుల గదిలో ఒకసారి, పెంకుటింటి వసారాలో ఒకసారి మధ్యాహ్నం, అర్ధరాత్రి వేడిమి చూసి రాసుకొంటే వారం రోజులలో ఒక పాఠ్యపుస్తకం తయారవుతుంది. మూడవది అడగడం. మేస్త్రీని, బట్టీ కూలీని, ఇల్లు కట్టించుకొన్న గృహిణిని అడిగితే ఏ తరగతి గదిలోనూ వినిపించని సంగతులు తెలుస్తాయి. ఇటుక ఎక్కడి నుండి వచ్చింది, మట్టి ఎవరి పొలానిది, ఇసుక ఏ వాగుది, పాత ఇల్లు కూల్చినప్పుడు దూలాలు, తలుపులు ఎక్కడికి పోయాయి అన్న ప్రశ్నలకు సమాధానం వెతికినవానికి ఒక్క ఇంటి కథలో ఒక జిల్లా భూగోళమంతా కనిపిస్తుంది.

ఈ వృత్తిలో ధనం ఉన్నది, పేరు ఉన్నది. వాటితోపాటు ఒక ప్రలోభం కూడా ఉన్నది. ధనికుల విలాస భవనాలకు పచ్చరంగు పూయడం సులభమైన జీవనోపాధి. రెండు గదుల ఇంట్లో అయిదుగురు నిద్రించే కుటుంబానికి, మే నెల రాత్రి కంటినిండా నిద్రపట్టే కప్పును తక్కువ ఖర్చుతో వేసి ఇవ్వడం కష్టమైన పని. గూడు కట్టే విద్య నేర్చినవాడు ఈ రెండు పనులూ చేయవచ్చు. వాటిలో రెండవది అతని కోసం చాలా ఇళ్ళలో ఎదురుచూస్తున్నది.

కఠిన పదాలు – అర్థాలు

సులభగ్రాహ్యం = తేలికగా తెలుసుకోదగినది
క్షతగాత్రులు = గాయపడినవారు
ఉద్గారాలు = వెలువడే వాయువులు
నిక్షేపాలు = భూమిలో ఉన్న ఖనిజపు నిల్వలు
లోగిలి = ఇల్లు, ఇంటి ఆవరణ
చూరు = గోడ దాటి ముందుకు వచ్చిన ఇంటికప్పు అంచు
ప్రలోభం = ఆశపెట్టి లాగే గుణం

ప్రశ్నలు

అ) కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. లారీ బేకర్ జీవితంలోని రెండు విద్యార్థిదశలను వివరించండి.
2. ‘పాతదంతా మంచిదన్న భ్రమ కూడా ప్రమాదకరం’ – ఈ వాక్యాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.

ఆ) కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. ప్రాచీనుల భూపరీక్ష ఏ విధంగా జరిగేది? దాని వెనుక ఉన్న భావం ఏమిటి?
2. ఫిల్లర్ స్లాబులో కాంక్రీటును ఎందుకు తగ్గించవచ్చు?
3. హరిత భవనానికి అసలు పరీక్ష ఎక్కడ ఉంటుంది?

ఇ) కింది ప్రశ్నలకు ఏకపద లేదా ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. 100 కిలోల శుద్ధమైన సున్నపురాయిని కాలిస్తే ఎంత సున్నం మిగులుతుంది?
2. రామప్ప దేవాలయ శిఖరపు ఇటుకల ప్రత్యేకత ఏమిటి?
3. ‘ఆస్త్ర’ విభాగం ఏ సంస్థలో ప్రారంభమైంది?

ఈ) ప్రాజెక్టు పని
మీ ఊరిలో వేరువేరు కప్పులు గల మూడు ఇళ్ళను ఎన్నుకొని, వారం రోజులపాటు మధ్యాహ్నం, రాత్రి వేళల్లో లోపలి వేడిమిని కొలిచి పట్టిక తయారుచేయండి. ఆ ఇళ్ళలో నివసించేవారి అభిప్రాయాలను కూడా సేకరించి నివేదిక రాయండి.